రెండు బ్రాంచులను పోల్చే కమాండ్ ఎలా ఉంటే బాగుంటుంది? చుక్కల గొడవ లేకుండా

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు ఫ్యాక్టరీలకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీం మాది. మెయిన్ అనే బ్రాంచి (కోడ్‌కి విడిగా సాగే కాపీ) ఒకటి, దానికి తోడు పెద్ద కస్టమర్లకు ఒక్కొక్కరికి ఒక్కో బ్రాంచి. ఇది మంచి పద్ధతి కాదని తెలుసు. మేం చేరేసరికే అలా ఉంది.

రోజూ ఎవరో ఒకరు అడిగేది ఇదే: "మెయిన్‌లో చేసిన ఫలానా ఫిక్స్ ఆ ఫ్యాక్టరీకి వెళ్లిందా?" కోడ్ మార్పుల చరిత్రను గిట్ అనే టూల్‌లో దాస్తాం. జవాబు కోసం మా వాళ్లలో ఒకరు గిట్ లాగ్ (మార్పుల జాబితా) చూస్తారు, ఒకరు గిట్ డిఫ్ (లైన్ల తేడా) చూస్తారు, ఇంకొకరు బ్రౌజర్‌లో కంపేర్ పేజీ తెరుస్తారు. తలో జవాబు చెబుతారు.

అందుకని గిట్ మీద ఒక చిన్న కమాండ్ రాద్దామనుకుంటున్నాను. పేరు పోల్చు. మొదటి డిజైన్ ఇలా ఉంది:

పోల్చు మెయిన్ పలాస

దీనికి --కమిట్లు, --ఫైళ్లు, --లైన్లు, --సారాంశం, --తిప్పి, --విడిపోయిన-చోటి-నుంచి అంటూ ఆప్షన్లు చేరుతూనే ఉన్నాయి. రాస్తున్న నాకే టెన్షన్ వస్తోంది. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఏం చూపించాలన్నది ముందు తేల్చుకోవాలి. మీ అభిప్రాయాలు చెప్పండి.

(కమాండ్లు ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం.)


జీడితోట (కాశీబుగ్గ):

కస్టమర్‌కో బ్రాంచి ఏటి బాబూ! తేడాలన్నీ సెట్టింగ్స్‌లో పెట్టేస్తే సరిపోయేది కదా. మా ఫ్యాక్టరీలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 గ్రేడ్లు ఎక్కువ పోతాయి, పక్క ఫ్యాక్టరీలో ఇంకోటి పోతుంది. అది డేటా. దానికి కోడ్ మార్చడం ఎందుకు?


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

ఒప్పుకుంటాను అన్నా. కానీ అన్నీ సెట్టింగ్స్‌లోకి తేవాలన్నా ముందు ఏ బ్రాంచిలో ఏం తేడా ఉందో తెలియాలి. అక్కడే ఆగిపోయాం.


కోటవీధి (విజయనగరం):

ఆప్షన్లు అలా పెరుగుతున్నాయంటే ఒకే కమాండ్‌లో వేర్వేరు ప్రశ్నలు కుక్కుతున్నట్టు. "ఫిక్స్ వెళ్లిందా" అన్నది కమిట్ల (ఒక్కోసారి సేవ్ చేసిన మార్పుల) గురించి అడిగే ప్రశ్న. "పలాస కోసం మనం ఏం మార్చాం" అన్నది ఫైళ్ల లోపలి సంగతి. "ఇప్పుడు మెయిన్‌ని అందులో కలిపితే కాన్‌ఫ్లిక్ట్ వస్తుందా", అంటే ఒకే చోట రెండు వైపులా వేర్వేరుగా మార్చి ఉన్నామా అన్నది ఇంకా జరగని పని గురించి. వీటన్నిటికీ గిట్‌లో జవాబులున్నాయి. కానీ మొదటి రెండింటికీ ఒకే గుర్తులు వాడి, అర్థాలు మాత్రం తారుమారుగా పెట్టారు.

గిట్ లాగ్ మెయిన్..పలాస
పలాసలో ఉండి మెయిన్‌లో లేని కమిట్లు. ఒక వైపు మాత్రమే.

గిట్ లాగ్ మెయిన్...పలాస
ఏదో ఒకదానిలోనే ఉన్న కమిట్లన్నీ. రెండు వైపులా.

గిట్ డిఫ్ మెయిన్..పలాస
రెండు బ్రాంచుల కొసలను (ఆఖరి కమిట్లను) నేరుగా పోలుస్తుంది. చుక్కలు తీసేసి ఖాళీ పెట్టినా ఇదే ఫలితం. రెండు వైపులా జరిగిన మార్పులు కలిసిపోయి కనిపిస్తాయి.

గిట్ డిఫ్ మెయిన్...పలాస
రెండూ విడిపోయిన కమిట్ నుంచి పలాస కొస దాకా. ఒక వైపు మాత్రమే.

ఒక వైపు సంగతే కావాలంటే లాగ్‌కి రెండు చుక్కలు, డిఫ్‌కి మూడు చుక్కలు పెట్టాలి. ఇది ఎవరికి గుర్తుంటుంది? గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులో (మార్పులు కలపమని అడిగే పేజీలో) చూపించేది మూడు చుక్కల డిఫ్. మీ బ్రౌజర్ మనిషికీ, టెర్మినల్‌లో రెండు చుక్కలు కొట్టే మనిషికీ లెక్క కలవకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

నా సలహా: చుక్కలను యూజర్‌కి చూపించకండి. ఆప్షన్ల బదులు ప్రశ్నకో సబ్‌కమాండ్ పెట్టండి.

పోల్చు కమిట్లు
పోల్చు మార్పులు
పోల్చు కలుస్తుందా

ఏదీ ఇవ్వకుండా ఉత్త పోల్చు అని కొడితే ప్రతి ప్రశ్నకూ ఒక్కో లైను జవాబు, అంతే.


ఎచ్చెర్ల హాస్టల్ (ఎచ్చెర్ల):

అక్కా, చిన్న డౌటు. ప్రాజెక్టులో గిట్ డిఫ్ మెయిన్..మా_బ్రాంచి కొడితే మేం ఎవరం ముట్టుకోని ఫైళ్లలో కూడా మైనస్ లైన్లు వచ్చాయి. "మా కోడ్ ఎందుకు తీసేశారు" అని పక్క టీం వాళ్లు గొడవ. నిజంగా మేం ఏమీ తీయలేదు. అది ఈ చుక్కల వల్లేనా?


కోటవీధి (విజయనగరం):

అవును తమ్ముడూ, అదే. గట్టు గారి కోడ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పలాస బ్రాంచి విడిపోయిన రోజున లెక్కల ఫైలులో పిక్కల బస్తా అంటే 80 కిలోలు అని నేరుగా రాసి ఉందనుకో. తర్వాత మెయిన్‌లో ఎవరో ఆ 80 తీసేసి, సెట్టింగ్స్ నుంచి బరువు చదివే లైను పెట్టారు. పలాస బ్రాంచిలో ఆ ఫైలు జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఇప్పుడు గిట్ డిఫ్ మెయిన్..పలాస కొడితే సెట్టింగ్స్ లైను మైనస్‌తో, పాత 80 లైను ప్లస్‌తో వస్తాయి. చూసినవాళ్లకి పలాస వాళ్లు మంచి కోడ్ తీసేసి మళ్లీ 80 రాసినట్టు అనిపిస్తుంది. మూడు చుక్కలు పెడితే ఆ ఫైలు ఊసే రాదు. ఎందుకంటే విడిపోయిన చోటి నుంచి పలాస వైపు ఆ ఫైలు మారలేదు.

అలాగని రెండు చుక్కల డిఫ్ పనికిరాదని కాదు. ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో ఇప్పుడు పలాస వెర్షన్ ఉంది, రేపు దాని స్థానంలో మెయిన్ పెడితే ఏమేం మారతాయి అని అడిగితే కొసకీ కొసకీ మధ్య తేడానే కావాలి. అప్పుడు 80 లైను కనిపించి తీరాలి. కాకపోతే కొత్తగా రాబోయేది మెయిన్ కాబట్టి గిట్ డిఫ్ పలాస మెయిన్ అని తిప్పి అడగాలి.


పొందూరు పోగు (పొందూరు):

కోటవీధి మేడమ్ చెప్పిన వివరం సరైనదే. కానీ దానికి మందు కొత్త కమాండ్ అంటే నేను ఒప్పుకోను.

డిఫ్ 1974లో ఐదో ఎడిషన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది. దానికి ఇచ్చేవి రెండు ఫైళ్లు, పాతది ముందు, కొత్తది వెనక. అంతకుమించి దానికి ఏమీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బ్రాంచుల దగ్గరికొచ్చేసరికి విడిపోయిన చోటు అనే మూడో మనిషి దూరాడు. గిట్ డిఫ్ ఆ పాత అలవాటును పోనివ్వకుండా కొత్తదాన్ని కూడా ఇరికించుకుంది. చిక్కు అలా వచ్చింది, ఎవరో కావాలని చేసింది కాదు.

పైగా దాన్ని వాళ్లే సరిదిద్దుకుంటున్నారు. 2020 డిసెంబర్‌లో వచ్చిన గిట్ 2.30 నుంచి ఇలా రాయొచ్చు:

గిట్ డిఫ్ --మెర్జ్-బేస్ మెయిన్ పలాస

మెర్జ్ బేస్ అంటే ఆ విడిపోయిన చోటే. చుక్కలు లేవు, ఏం చేస్తోందో పేరులోనే ఉంది. చెకౌట్ అనే ఒక్క కమాండ్ బ్రాంచి మార్చడానికీ, ఫైలు వెనక్కి తేవడానికీ రెండింటికీ వాడుతుంటే జనం తికమక పడుతున్నారని 2019 ఆగస్టులో 2.23లో స్విచ్, రిస్టోర్ అని విడగొట్టారు కదా. ఇదీ అలాంటిదే.

మీరు పోల్చు అని ఒకటి రాస్తారు. మీ కుర్రాళ్లు దానికి అలవాటుపడతారు. రేపు విశాఖలోనో హైదరాబాద్‌లోనో చేరితే అక్కడ పోల్చు ఉండదు. రెండు అలియాస్‌లు (పొడవాటి కమాండ్లకు చిన్న పేర్లు) పెట్టుకుని, చుక్కల సంగతి ఒక పూట కూర్చోబెట్టి నేర్పండి.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మాస్టారూ, అలియాస్‌ల దగ్గరే మొదలుపెట్టాం. కానీ మాకు విలీనాల (మెర్జ్‌ల) కంటే చెర్రీ-పిక్‌లు ఎక్కువ. మెయిన్‌లో జీఎస్టీ బిల్లు ఫిక్స్ చేస్తాం, ఆ ఒక్క కమిట్‌నే పలాస బ్రాంచికి తీసుకెళ్తాం. అక్కడ దానికి కొత్త హ్యాష్ (కమిట్‌ని గుర్తుపట్టే నంబరు) వస్తుంది. అప్పుడు గిట్ లాగ్ పలాస..మెయిన్ కొడితే ఆ ఫిక్స్ ఇంకా వెళ్లలేదనే చూపిస్తుంది. చుక్కలు ఎంత బాగా నేర్చుకున్నా ఇక్కడ లాభం లేదు.


పొందూరు పోగు (పొందూరు):

అయితే ఇది ముందే చెప్పాల్సింది. చెర్రీ-పిక్‌లు ఉంటే లెక్క మారుతుంది.

గిట్ చెర్రీ పలాస మెయిన్

మెయిన్‌లో ఉండి పలాసలో లేని కమిట్లను వరసగా ఇస్తుంది. ముందు మైనస్ ఉంటే అలాంటి మార్పే పలాసలో వేరే హ్యాష్‌తో ఉందని, ప్లస్ ఉంటే లేదని. వరస జాగ్రత్త: వెళ్లాల్సిన చోటు ముందు, ఎక్కడి నుంచి వెళ్లాలో అది వెనక. రెండు వైపులా ఒకేసారి కావాలంటే ఇది:

గిట్ లాగ్ --లెఫ్ట్-రైట్ --చెర్రీ-మార్క్ --వన్‌లైన్ మెయిన్...పలాస

ఎడమ వైపువి <, కుడి వైపువి >, రెండు చోట్లా ఒకేలా ఉన్నవి = గుర్తుతో వస్తాయి.

ఒకేలా ఉన్నాయని దానికి ఎలా తెలుస్తుందంటే, కమిట్‌లోని డిఫ్‌ని తీసుకుని, లైను నంబర్లు, ఖాళీలు వదిలేసి, మిగతాదానికి ఒక హ్యాష్ కడుతుంది. ప్యాచ్ ఐడీ అంటారు. కమిట్ మెసేజ్, తేదీ లెక్కలోకి రావు. కానీ మార్పు చుట్టూ ఉన్న లైన్లు వస్తాయి. పిక్ చేసేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ వచ్చి ఒక్క లైను చేత్తో సరిచేసినా ప్యాచ్ ఐడీ మారిపోతుంది. అప్పుడు మళ్లీ ప్లస్. నాలుగు కమిట్లను స్క్వాష్ చేసి ఒకటిగా తీసుకెళ్లినా అంతే.


కోటవీధి (విజయనగరం):

డిజైన్‌లో అసలు పరీక్ష ఇక్కడే ఉంది. టూల్ "వెళ్లలేదు" అని ఖాయంగా చెబితే, దాన్ని నమ్మి ఎవరో అదే ఫిక్స్‌ని రెండోసారి పిక్ చేస్తారు. మాస్టారు చెప్పిన పరిమితి ఉన్నప్పుడు ఉంది, లేదు అని రెండు జవాబులే ఇవ్వడం అబద్ధం చెప్పినట్టే. మూడో జవాబు ఉండాలి: "ఉండొచ్చు, చూసుకోండి."

దానికి ఆధారాలు దొరుకుతాయి. చెర్రీ-పిక్‌కి -ఎక్స్ ఇస్తే కొత్త కమిట్ మెసేజ్ చివర పాత హ్యాష్‌తో ఒక లైను చేరుతుంది. కాన్‌ఫ్లిక్ట్ సరిచేసినా ఆ లైను ఉంటుంది. ఇకనుంచి మీ టీంలో -ఎక్స్ తప్పనిసరి చేయండి. పాతవాటికి గిట్ రేంజ్-డిఫ్ ఉంది, 2018లో 2.19తో వచ్చింది. అది అచ్చంగా ఒకేలా ఉన్నవాటినే కాకుండా, దగ్గరగా ఉన్న కమిట్లను కూడా జత కట్టి, ఆ రెండు డిఫ్‌ల మధ్య డిఫ్ చూపిస్తుంది. తెర మీద చదవడం కొంచెం కష్టమే, ప్లస్ పక్కన ఇంకో ప్లస్ వస్తుంది. కానీ జత కట్టే పనికి వాడుకోవచ్చు.


జీడితోట (కాశీబుగ్గ):

"ఉండొచ్చు" అని కంప్యూటర్ చెబితే మా ఓనరు ఊరుకోడు.


కోటవీధి (విజయనగరం):

ఓనరుకి చూపించేది వేరే రిపోర్టు అన్నా :) ఇది పని చేసేవాళ్లకి.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మూడో జవాబు బాగుంది, పెడతాను. తర్వాతి చిక్కు దిక్కు. పోల్చు మెయిన్ పలాస అన్నప్పుడు మాలో సగం మంది "మెయిన్‌తో పోలిస్తే పలాసలో ఏముంది" అనుకుంటారు, మిగతా సగం "మెయిన్ నుంచి పలాసకి ఏం వెళ్లాలి" అనుకుంటారు. పైన మాస్టారు రాసిన గిట్ చెర్రీలోనే వరస తిరగబడింది చూడండి.


పొందూరు పోగు (పొందూరు):

గిట్ లాంటి పాత టూల్స్ ఒకసారి చూడండి. బజార్‌లో మిస్సింగ్ అనే కమాండ్ ఉండేది. మీ దగ్గర ఎక్కువ ఉన్నవి ఇవి, మీ దగ్గర లేనివి ఇవి అని రెండు ముక్కలుగా, వాక్యంలో చెప్పేది. గుర్తుల గోల లేదు. మెర్క్యూరియల్‌లో ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ అని రెండు కమాండ్లు. దిక్కు పేరులోనే ఉంది. సబ్‌వర్షన్ డిఫ్‌లో --ఓల్డ్, --న్యూ అని రాసుకోవచ్చు. ఇప్పుడొచ్చిన జుజుత్సు అయితే జేజే డిఫ్ --ఫ్రమ్, --టు అంటుంది.

పోల్చు వద్దన్నవాడినే, కానీ రాసేటట్టయితే సరిగ్గా రాయండి. వరసను బట్టి అర్థం మారే చోట పేరున్న ఆప్షన్ ఇవ్వాలి. వరసతోనే కొట్టే వీలు ఉంచినా, జవాబులో మొదటి లైనులోనే బ్రాంచి పేర్లతో దిక్కు చెప్పాలి. "ఎడమ", "కుడి", "ముందుంది", "వెనకుంది" లాంటి మాటలు అవుట్‌పుట్‌లో వద్దు. ఎవరికి ఎడమ?


టెక్కలి సర్వర్ (టెక్కలి):

ఇప్పటిదాకా అందరూ మనిషి చదివే అవుట్‌పుట్ గురించే మాట్లాడుతున్నారు. ఇలాంటి కమాండ్‌ని రెండో వారం నుంచి స్క్రిప్టులే ఎక్కువ పిలుస్తాయి. నావి కొన్ని కోరికలు.

రంగులు తెర మీదికైతేనే. అవుట్‌పుట్ పైపులోకో ఫైల్లోకో వెళ్తుంటే రంగు కోడ్లు, పేజర్ (పేజీ పేజీగా ఆపి చూపించేది) రెండూ ఆగిపోవాలి. నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటే తెర మీద కూడా రంగు వద్దు. ఎరుపు, పచ్చ తేడా కనపడనివాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు కాబట్టి రంగు పోయినా అర్థం పోకూడదు, ప్లస్ మైనస్‌లు ఉండాల్సిందే.

స్క్రిప్టుల కోసం వేరే ఫార్మాట్ ఇచ్చి, దాన్ని ఎప్పటికీ మార్చకండి. గిట్ స్టేటస్‌కి --పోర్సెలిన్ ఉన్నది అందుకే. మనుషులు చదివే ఫార్మాట్‌ని మీ ఇష్టమొచ్చినట్టు మెరుగుపరుచుకోండి.

ఇంకోటి, షాలో క్లోన్, అంటే చరిత్ర మొత్తం లేని కాపీ. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లో తనంతట తాను నడిచే పనుల్లో) చెకౌట్ ఏమీ చెప్పకపోతే ఒక్క కమిట్ మాత్రమే తెస్తుంది. అక్కడ రెండు బ్రాంచులు ఎక్కడ విడిపోయాయో దొరకదు. గిట్ అయితే మెర్జ్ బేస్ లేదని ఆగిపోతుంది. మీ టూల్ ఆ తప్పును మింగేసి "తేడాలు లేవు" అని చెప్పేస్తే కొంప మునుగుతుంది. గిట్ రెవ్-పార్స్ --ఈజ్-షాలో-రిపాజిటరీ అని అడిగితే చెబుతుంది. ముందే అడిగి, చరిత్ర పూర్తిగా లేదు, ఇంకా తెచ్చుకోండి అని స్పష్టంగా చెప్పండి.


పొందూరు పోగు (పొందూరు):

దీనికి ఇంకొకటి కలపండి. రెండు బ్రాంచులు ఒకదానిలోకి ఒకటి అడ్డంగా కలిపి ఉంటే ఉమ్మడి పూర్వ కమిట్లు ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. మూడు చుక్కల డిఫ్ అప్పుడు ఒకదాన్ని ఎంచుకుని హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను దాచకండి.


బొబ్బిలి తీగ (బొబ్బిలి):

కాస్త వేరే సంగతి, కానీ తెలుగువాళ్లం కాబట్టి మనమే చెప్పుకోవాలి. నేను తెలుగు పాఠాలు, అనువాదాలు గిట్‌లో పెట్టి పనిచేస్తాను.

ఫైలు పేరు తెలుగులో ఉంటే డిఫ్‌లో గిట్ దాన్ని \340\260\265 లాంటి అంకెలుగా చూపిస్తుంది. అది "వ" అనే ఒక్క అక్షరం. కోర్.కోట్‌పాత్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే మామూలుగా కనిపిస్తుంది. మీ టూల్ గిట్‌ని పిలిచేటప్పుడు -జెడ్ వాడితే పేర్లు అచ్చంగా అందుతాయి, ఖాళీలున్న పేర్లతో కూడా ఇబ్బంది ఉండదు.

రెండోది ఇంకా చిరాకు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ కింద వ ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడతారు, యూనికోడ్‌లో 200సి. కొన్ని కీబోర్డుల్లో అది అనుకోకుండా మాట చివర కూడా పడిపోతుంది. అక్కడ అది ఉన్నా లేకపోయినా మాట ఒకేలా కనిపిస్తుంది. డిఫ్‌లో మైనస్ లైను, ప్లస్ లైను అచ్చు ఒకేలా ఉంటాయి, ఏం మారిందో ఎంతసేపు చూసినా తెలియదు. లైన్ల తేడా అంతా ఇలాంటి అక్షరాల్లోనే ఉంటే, "కనిపించని అక్షరం మారింది" అని పక్కన ఒక మాట వేస్తే ఎంతో మేలు.

మాటల స్థాయి తేడా, అంటే --వర్డ్-డిఫ్, ఖాళీల దగ్గర విడగొడుతుంది. తెలుగుకి అదే నయం. అక్షరాల స్థాయికి దింపితే గుణింతం గుర్తు ఒక రంగులో, హల్లు ఇంకో రంగులో పడి చదవలేం.

మూడోది. చాలా టెర్మినళ్లు తెలుగును సరిగ్గా కూర్చలేవు. ఒత్తులు, గుణింతాల వల్ల వెడల్పు లెక్క తప్పి పట్టిక గీతలు వంకర పోతాయి. అందుకని అంకెలు, హ్యాష్‌లు లైను మొదట్లో పెట్టి తెలుగు మాటలు చివర పెట్టండి. చివర ఉన్నది ఎంత జరిగినా నష్టం లేదు.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

తీగ గారూ, చివరి సంగతి అసలు నా బుర్రకే తట్టలేదు. మా బిల్లు టెంప్లేట్లన్నీ తెలుగే. చాలా థాంక్స్.

ఇప్పుడు ఫెచ్, అంటే సర్వర్ నుంచి కొత్త మార్పులు తెచ్చుకునే సంగతి. మెయిన్ అంటే నా కంప్యూటర్‌లో ఉన్న మెయినా, సర్వర్‌లో ఉన్నదా? పోల్చు నడిచిన ప్రతిసారీ తనంతట తానే ఫెచ్ చేస్తే ఎప్పుడూ తాజా జవాబు వస్తుంది కదా?


టెక్కలి సర్వర్ (టెక్కలి):

వద్దు. చూడడానికి పిలిచిన కమాండ్ ఏదీ మార్చకూడదు. ఒకే కమాండ్ రెండుసార్లు కొడితే రెండు జవాబులు వస్తే దేన్ని నమ్మాలి?


జీడితోట (కాశీబుగ్గ):

పైగా మీ వాళ్లు మా ఫ్యాక్టరీకొచ్చి ల్యాప్‌టాప్ తీసి ఫోన్ నెట్‌తో కుస్తీ పడతారు. ఉద్దానం లోపల తోటల వైపు సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. పోల్చు కొట్టి గుడ్లప్పగించి కూర్చోవాలా?


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అది మాత్రం నిజం అన్నా. సరే, ఫెచ్ చేయను. దాని బదులు రిమోట్ బ్రాంచిని పోలుస్తుంటే సర్వర్ నుంచి ఆఖరిసారి ఎప్పుడు తెచ్చామో చివర ఒక లైను వేస్తాను. --తాజాగా అని ఇస్తేనే ఫెచ్.


ఎచ్చెర్ల హాస్టల్ (ఎచ్చెర్ల):

"కలుస్తుందా" ఎలా పనిచేస్తుంది? నిజంగా మెర్జ్ చేసి చూసి మళ్లీ వెనక్కి తీసేస్తుందా? సగంలో కరెంటు పోతే?


కోటవీధి (విజయనగరం):

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇంతకుముందు చాలామంది అలాగే చేసేవాళ్లు, ఫైళ్లన్నీ గందరగోళమయ్యేవి. 2022లో వచ్చిన గిట్ 2.38 నుంచి ఇది ఉంది:

గిట్ మెర్జ్-ట్రీ --రైట్-ట్రీ పలాస మెయిన్

ఇక్కడ రైట్ అంటే రాయడం, కుడి కాదు. నువ్వు పనిచేస్తున్న ఫైళ్లనూ, ఇండెక్స్‌నూ (కమిట్‌కి సిద్ధం చేసినవాటినీ) తాకకుండా మెర్జ్ ఫలితాన్ని గిట్ డేటాబేస్‌లోనే కడుతుంది. శుభ్రంగా కలిస్తే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె) 0, కాన్‌ఫ్లిక్ట్ ఉంటే 1, ఏ ఫైళ్లలో ఉందో కూడా చెబుతుంది. పాత గిట్ ఉన్న మెషీన్లో ఈ సబ్‌కమాండ్ పనిచేయదని చెప్పి ఆగిపోవడం మేలు. దొంగదారిలో నిజం మెర్జ్ చేయొద్దు.

ఒక హెచ్చరిక. కాన్‌ఫ్లిక్ట్ లేదంటే కోడ్ సరిగ్గా నడుస్తుందని కాదు. మెయిన్‌లో ఒక ఫంక్షన్ పేరు మార్చి, పలాసలో వేరే ఫైలు నుంచి పాత పేరుతో పిలుస్తుంటే గిట్ నవ్వుతూ కలిపేస్తుంది. కాబట్టి అవుట్‌పుట్‌లో "కలుస్తుంది" అనండి, "ఇబ్బంది లేదు" అనకండి.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరి మాటలూ కలిపి కొత్త డిజైన్. ఉత్త పోల్చు కొడితే ఇలా వస్తుంది (అంకెలు ఊరికే వేసినవి):

పోల్చు --నుంచి మెయిన్ --కి పలాస

మెయిన్ నుంచి పలాసకి
9  మెయిన్‌లో ఉన్నాయి, పలాసకి వెళ్లలేదు
6  పలాసకి వేరే హ్యాష్‌తో వెళ్లాయి
2  వెళ్లి ఉండొచ్చు, చూసుకోండి
4  పలాసలోనే ఉన్నాయి
1  ఫైలులో కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది
సర్వర్ నుంచి ఆఖరిసారి తెచ్చింది: నిన్న సాయంత్రం

వివరాలకు పోల్చు కమిట్లు, పోల్చు మార్పులు, పోల్చు కలుస్తుందా. మార్పులు అన్నప్పుడు విడిపోయిన చోటి నుంచి చూపించడం డిఫాల్ట్. కొసకీ కొసకీ కావాలంటే --కొసలు. మాస్టారి అభ్యంతరానికి జవాబుగా --అసలు అని ఒకటి పెట్టాను. అది ఇస్తే లోపల నడిపిన గిట్ కమాండ్లను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కుర్రాళ్లు అవి చూసి నేర్చుకుంటారు, వేరే కంపెనీకి వెళ్లినా చేతిలో గిట్ ఉంటుంది.


పొందూరు పోగు (పొందూరు):

--అసలు ఉంటే నా గొడవ చాలావరకు తీరింది. అవి స్టాండర్డ్ ఎర్రర్‌కి (హెచ్చరికలు వెళ్లే వేరే దారికి) వెళ్లాలి, అవుట్‌పుట్‌లో కలపొద్దు. బ్రాంచికీ ఫైలుకీ ఒకే పేరుంటే ఏం చేస్తారు? పలాస అని ఫోల్డరు కూడా ఉందనుకోండి. గిట్‌లోలాగే రెండు గీతల తర్వాత వచ్చినవి ఫైళ్లు అనే పద్ధతి ఉంచండి.

"6 వేరే హ్యాష్‌తో వెళ్లాయి" అన్నవి డిఫాల్ట్‌లో ఎందుకు? అయిపోయిన పనికి లైను దండగ.


కోటవీధి (విజయనగరం):

నాకు అవి కావాలి మాస్టారూ. 15లో 6 వెళ్లాయని కనిపించకపోతే, గిట్ లాగ్‌లో 15 చూసినవాళ్లు పోల్చు తప్పు చెబుతోందని అనుకుంటారు. "ఉండొచ్చు" అన్న 2 కూడా కలిపి మొత్తం లాగ్ లెక్కతో సరిపోవాలి.


పొందూరు పోగు (పొందూరు):

9, 6, 2 కలిపితే 17 కదమ్మా.


కోటవీధి (విజయనగరం):

17, అవును. చూశారా, లెక్క సరిపోతుందో లేదో మీరే చూసుకున్నారు. ఆ లైను అందుకే ఉండాలి :)


టెక్కలి సర్వర్ (టెక్కలి):

ఎగ్జిట్ కోడ్ మాట తేల్చండి. మామూలు డిఫ్ తేడా లేకపోతే 0, ఉంటే 1, పని చెడితే 2 ఇస్తుంది. గిట్ డిఫ్ మాత్రం --ఎగ్జిట్-కోడ్ అని అడిగితే తప్ప తేడా ఉన్నా 0 ఇస్తుంది. మీరు ఎవరి దారి?


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

పాత డిఫ్ దారే అనుకుంటున్నాను. తేడా ఉంటే 1.


టెక్కలి సర్వర్ (టెక్కలి):

సెట్ -ఈ పెట్టిన స్క్రిప్టుల్లో ఆ 1 చూడగానే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. మీ కస్టమర్ బ్రాంచులు మెయిన్‌తో ఎప్పుడూ తేడాగానే ఉంటాయి కదా, అంటే ప్రతిసారీ ఆగుతుంది. రిపోర్టు ఇచ్చే వాటికి 0 ఉంచి, అడిగితేనే 1 ఇవ్వండి. "కలుస్తుందా" అన్నది అవును కాదు ప్రశ్న కాబట్టి దానికి అడగకుండానే 0, 1. షాలో క్లోన్, బ్రాంచి దొరక్కపోవడం లాంటివి అన్నిట్లోనూ 2.


పొందూరు పోగు (పొందూరు):

సబ్‌కమాండ్‌ని బట్టి కోడ్ అర్థం మారడం నాకు నచ్చదు. కానీ సెట్ -ఈ మాట నిజమే. హెల్ప్‌లో మొదటి స్క్రీన్లోనే రాయండి, చివరెక్కడో పెట్టొద్దు.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

సరే, టెక్కలి గారు చెప్పినట్టే చేస్తాను. హెల్ప్‌లో మొదటి స్క్రీన్లో వేస్తాను. కమిట్లు, మార్పులు రెండూ దాదాపు అయ్యాయి. "ఉండొచ్చు" కోసం రేంజ్-డిఫ్ అవుట్‌పుట్‌ని చదివే భాగం మిగిలింది, బ్రాంచి పెద్దదైతే అది నిదానంగా ఉంది.


కోటవీధి (విజయనగరం):

రేంజ్-డిఫ్‌కి రెండు వైపుల కమిట్లన్నీ ఇవ్వకండి. ముందు ప్యాచ్ ఐడీతో, ఆ తర్వాత -ఎక్స్ లైనుతో జత దొరికినవి తీసేసి, రెండు వైపులా మిగిలిన కమిట్లనే వరసగా ఒక తాత్కాలిక బ్రాంచిలో... వద్దు, అది మళ్లీ ఏదో మార్చడమే అవుతుంది. మిగిలినవాటి డిఫ్‌లను మీరే పోల్చుకోండి. ఒకే ఫైళ్లను ముట్టుకున్న కమిట్ల మధ్యే చూస్తే చాలావరకు తగ్గిపోతాయి.


ఎచ్చెర్ల హాస్టల్ (ఎచ్చెర్ల):

అన్నా, ఆ భాగం నేను రాయొచ్చా? సెమిస్టర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్నాను.


నాగావళి గట్టు (శ్రీకాకుళం):

రాయి తమ్ముడూ. కస్టమర్ కోడ్ ఇవ్వలేను గానీ, అలాంటి చెర్రీ-పిక్‌లతో ఒక ఉత్తుత్తి రిపో తయారుచేసి ఇస్తాను. కాన్‌ఫ్లిక్ట్ సరిచేసి పిక్ చేసినవి, స్క్వాష్ చేసినవి, తీగ గారు చెప్పిన కనిపించని అక్షరాలవి అన్నీ అందులో ఉంటాయి. ఏది దేనికి జతో వేరే ఫైల్లో రాసి పెడతాను, నీ జవాబులు దానితో సరిచూసుకో.